ట్రామ్ ఆగిన చోటే బజారు

నేను అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో ఇరవై రెండేళ్లు చిన్న షాపుల పద్దులు రాసి రిటైరైన మనిషిని. మంగలి షాపు, బూట్ల రిపేరు, పాత గ్రామఫోన్ రికార్డులమ్మే కొట్టు, రెండు బార్లు, ఒక పూల దుకాణం... వీటి లెక్కలు చూస్తూ చూస్తూనే ఈ ఊరు నాకు తెలిసింది. ఊళ్లోని పాత బజార్ల గురించి ఏమైనా అడగండని కిందటి నెల రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాను. పార్కింగ్ దొరకదని మాత్రమే రాసిన ఆరుగురికీ ఒకటే మాట: రెండు వీధులవతల కారు పెట్టి నడవండి.

*

మా అబ్బాయి ఇల్లు 168వ వీధి దాటాక వస్తుంది. ఆరు నెలలుండి వెళదామని వచ్చాను. ఎటు చూసినా మైదానాల్లాంటి పార్కింగులు, వాటి చివర పెట్టెల్లాంటి షాపులు. ఈ ఊళ్లో పాత బజారన్నదే లేదా అంటే పిల్లలు నవ్వుతున్నారు. నాకు కారు నడపడం రాదు. – ఒక అమ్మ, ఒమాహా

ఎందుకు లేదమ్మా! ఒకటి కాదు, అరడజను ఉన్నాయి. పిల్లలు అటు వెళ్లరు, అంతే.

ఊరు ఎటునుంచి ఎటు పెరిగిందో మీ అబ్బాయి వీధి నంబరే చెబుతుంది. తూర్పున మిస్సోరి నది. 1854లో ఊరు పుట్టింది ఆ ఒడ్డునే. అక్కణ్ణుంచి పడమటికి వస్తున్నకొద్దీ వీధుల నంబర్లు పెరుగుతాయి. కాబట్టి మీరున్న 168 చాలా కొత్త ఊరు. నది వైపు 10, 11 వీధుల దగ్గర ఓల్డ్ మార్కెట్ ఉంది. 24వ వీధి మీద ఉత్తరాన ఒక బజారు, దక్షిణాన ఇంకొకటి. 50 దగ్గర డండీ, 60 అటూ ఇటూగా బెన్సన్. నంబరు తగ్గేకొద్దీ కాలంలో వెనక్కి వెళ్తున్నట్టే.

ఈ బజార్లు ఇంత చిన్నవిగా, ఒకదానికొకటి ఇంత దూరంగా ఎందుకున్నాయంటారా? ట్రామ్ వల్ల. సాయంత్రం పనినుంచి వచ్చేవాళ్లు ట్రామ్ దిగి ఇంటికి నడిచే దారిలో ఏం కొంటారో అవే అక్కడ వెలిశాయి. కిరాణా, మందుల షాపు, మాంసం కొట్టు, మంగలి, ఓ మూల బ్యాంకు. ట్రామ్ దిగినవాళ్ల ఎదుట పడాలని ప్రతి వ్యాపారీ ఆ వీధి మీదే చోటు కోరుకున్నాడు. అందుకే షాపులు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ. ఇరవై ఇరవై అయిదు అడుగుల ముఖం, పైన అద్దె గదులు. బజారు మొత్తం చూస్తే చేతిలో సంచితో ఓ మనిషి నడవగలిగినంత, అంటే నాలుగైదు బ్లాకులు. 1955 మార్చి 4న ఆఖరి ట్రామ్ నడిచింది. ట్రామ్ పోయాక కూడా దాని స్టాపుల దగ్గరి ఇటుక గోడలు అలాగే నిలబడ్డాయి.

ఇంకో సంగతి. ఇవి మొదట్లో వేరే ఊళ్లు. డండీ, సౌత్ ఒమాహా 1915లో, బెన్సన్, ఫ్లోరెన్స్ 1917లో ఒమాహాలో కలిశాయి. ఒక్కోదానికి సొంత మెయిన్ రోడ్డు ఉండటం, ‘నేను బెన్సన్ మనిషిని’ అని ఇప్పటికీ చెప్పుకోవడం అందుకే.

మీరు డండీతో మొదలుపెట్టండి. పొద్దున ఆఫీసుకు వెళ్తూ మిమ్మల్ని వెస్ట్‌రోడ్స్ మాల్ దగ్గర దించమనండి. అక్కణ్ణుంచి డాడ్జ్ వీధి మీద డౌన్‌టౌన్ దాకా ఆర్బ్ట్ అని పొడవాటి బస్సు నడుస్తోంది, 2020 నుంచి. 50వ వీధి దగ్గర్లో దిగండి. దిగగానే డండీ థియేటర్ కనిపిస్తుంది. 1925లో కట్టారు, 2013లో మూతపడింది, 2017లో మళ్లీ తెరిచారు. అక్కణ్ణుంచి ఉత్తరానికి నాలుగడుగులు వేస్తే 50, అండర్‌వుడ్ కూడలి. అక్కడ గోడకు ఒక ఫలకం ఉంటుంది, తప్పకుండా చదవండి. 1945 ఏప్రిల్ 18 రాత్రి జపాన్ వాళ్లు వదిలిన బెలూన్ బాంబు పసిఫిక్ దాటి ఇంత దూరమొచ్చి ఈ కూడలి మీద ఆకాశంలో పేలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. యుద్ధం అయిపోయేదాకా ఆ విషయం బయటికి పొక్కనివ్వలేదు.

వారెన్ బఫెట్ ఇల్లు ఎక్కడని మీరు అడగలేదు, చాలా సంతోషం. వచ్చిన ప్రతివాళ్లూ అదే అడుగుతారు. ఆ చుట్టుపక్కలే, 1958లో 31,500 డాలర్లకు కొన్నది. చూడటానికి అది ఒక ఇల్లు, అంతే. దానికన్నా అండర్‌వుడ్ మీద షాపుల రెండో అంతస్తు చూడండి. కింది అంతస్తు అద్దాలు పదేళ్లకోసారి మారతాయి. పై అంతస్తు జోలికి ఎవరూ పోరు.

*

అక్కా, మేం ముగ్గురం స్నేహితులం, ముగ్గురిదీ ఐటీనే. బెన్సన్‌లో మేపుల్ స్ట్రీట్ మీద టిఫిన్ సెంటర్ పెడదామని ఒక పాత ఇటుక బిల్డింగ్‌లో కింద షాపు చూశాం. ఇంతకు ముందు అక్కడ బట్టల షాపు ఉండేది. పైన అద్దెకున్నవాళ్లున్నారు. ‘ఇది హిస్టారిక్ బిల్డింగ్, టాక్స్ క్రెడిట్లు వస్తాయి, మీ ఖర్చు సగానికి సగం తగ్గిపోతుంది’ అంటున్నాడు ఓనర్. అద్దె కూడా తక్కువే. ఏమంటారు? – బెన్సన్ అభిమానులు

క్రెడిట్లు ఉన్నమాట నిజం. అవి మీకు వస్తాయన్నదే అనుమానం.

క్రెడిట్ అంటే కట్టాల్సిన పన్నులో తగ్గింపు. ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చేది, బాగుచేతకు పెట్టిన ఖర్చులో 20 శాతం. కానీ ఆ బిల్డింగ్ నేషనల్ రిజిస్టర్‌లో, అంటే దేశంలోని చారిత్రక కట్టడాల జాబితాలో, విడిగానైనా ఉండాలి, రిజిస్టర్‌లో ఉన్న పేటలో ఒక భాగంగానైనా లెక్కకు రావాలి. పాతగా కనిపిస్తే సరిపోదు. ఇక ఎంత ఖర్చు పెట్టాలన్నది అసలు మెలిక. బిల్డింగ్‌ను మూడు లక్షల డాలర్లకు కొన్నాడనుకోండి. అందులో స్థలం విలువ యాభై వేలు తీసేస్తే రెండున్నర లక్షలు. మామూలుగా రెండేళ్ల గడువులో ఆ రెండున్నర లక్షలకు మించి బాగుచేత మీద ఖర్చు పెడితేనే క్రెడిట్. అంత పెడితే యాభై వేల పైచిలుకు వస్తుంది, అదీ అయిదేళ్లలో సమానంగా, అంటే ఏడాదికి పది వేలు. సగానికి సగం ఎక్కడిది? రాష్ట్రం ఇచ్చేది ఇంకొకటి ఉంది కానీ దానికి ఏటా ఇంతే అని పరిమితి ఉంది.

పైగా ఈ క్రెడిట్ ఓనర్‌ది. అద్దెకున్నవాళ్లు తీసుకోవాలంటే షాపులాంటి చోటుకు లీజు కనీసం 39 ఏళ్లు మిగిలి ఉండాలి. మీ లీజు ఎన్నేళ్లు? అయిదా? అయితే ఆ మాట వదిలేయండి. ఓనర్ తీసుకోదలిస్తే ఆయన చేసే పని నేషనల్ పార్క్ సర్వీస్‌కు నచ్చాలి. ఇటుకల మీద ఇసుక కొట్టి శుభ్రం చేశాడా, పాత చెక్క కిటికీలు పీకి ప్లాస్టిక్‌వి పెట్టాడా, అప్లికేషన్ అక్కడితో సరి. పని మొదలుపెట్టకముందే వాళ్ల ముందు కాగితాలు పెట్టడం మంచిది.

ఇంకో మాట కూడా ఆయన్నే అడగండి. నేషనల్ రిజిస్టర్‌లో ఉందా, లేక నగరం వాళ్లు ల్యాండ్‌మార్క్‌గా ప్రకటించారా? రెండూ ఒకటి కాదు. మొదటిదైతే సొంత డబ్బుతో ఏ మార్పు చేసుకున్నా ఎవరూ ఆపరు. రెండోదైతే మీ బోర్డు పెట్టడానికి కూడా ముందు నగరం ల్యాండ్‌మార్క్ కమిషన్ వాళ్లు చూడాల్సి రావచ్చు.

ఇక బట్టల షాపును వంటిల్లు చేయడం. దోసె పెనం పెట్టారంటే నూనె పొగకు పెద్ద హుడ్ కావాలి. ఆ హుడ్ గొట్టం కప్పు పైకి వెళ్లాలి. పైన మనుషులున్నారన్నారు, అంటే ఎవరో ఒకరి గదిలోంచి మంటకు తట్టుకునే గోడల మధ్యగా దాన్ని తీసుకెళ్లాలి. కింద డ్రైనేజీలో నూనెను పట్టి ఆపే తొట్టి. గుమ్మం దగ్గర మెట్టుంటే చక్రాల కుర్చీకి దారి. వందేళ్ల బిల్డింగ్‌కు వచ్చే కరెంటు, గ్యాస్ లైను మీ గ్రైండర్లకూ స్టవ్‌లకూ చాలుతాయా? డగ్లస్ కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌కు ప్లాను చూపించాక గానీ సుత్తి పట్టుకోవద్దు. ఈ పనుల ఖర్చు అద్దె ఖర్చును మింగేస్తుంది. వీలైతే ఇంతకు ముందు హోటలున్న చోటే వెతకండి. అద్దె ఎక్కువైనా లాభం.

అద్దె తక్కువన్నారు కాబట్టి ఒక కథ చెప్పాలి. నా దగ్గర పద్దులు రాయించుకున్న ఒకావిడ కేకుల షాపు పెట్టింది. అద్దె చూసి మురిసిపోయి సంతకం చేసింది. అది ట్రిపుల్ నెట్ లీజు. అంటే అద్దె కాక బిల్డింగ్ మీద పన్ను, ఇన్సూరెన్స్, రిపేర్లు కూడా అద్దెకున్నవాళ్లవే. రెండో ఏడు ఓనర్ బిల్డింగ్ ముందుభాగం చక్కగా బాగు చేయించాడు. అందరూ మెచ్చుకున్నారు. కౌంటీ వాళ్లూ మెచ్చుకుని విలువ పెంచారు. పెరిగిన పన్ను ఆమె నెత్తిన పడింది. మూడో ఏడు జనవరిలో బాయిలర్ పోయింది, పైపులు గడ్డకట్టి పగిలాయి. ఆ రోజు తన పద్దుల పెట్టెతో మా ఆఫీసుకొచ్చి, ఏం మాట్లాడకుండా బల్ల మీద పెట్టి కూర్చుంది. నాలుగో ఏడు షాపు లేదు. లీజులో ‘బాయిలర్ ఎవరిది, ముందున్న మంచు ఎవరెత్తాలి’ అన్న రెండు లైన్లు నేను ముందే చదివి ఉంటే ఆమెను ఆపేదాన్ని. అప్పటికి నన్నెవరూ అడగలేదు.

పన్నులు మరిచిపోకండి. ఒమాహాలో మామూలు సేల్స్ టాక్స్ 7 శాతం కాక, హోటళ్ల మీద ఇంకో 2.5 శాతం 2010 నుంచి ఉంది. మెనూ మీద ధరలు వేసేటప్పుడే అది మనసులో పెట్టుకోవాలి.

ఇదంతా అయ్యాక కూడా నాకు ఒకటే టెన్షన్. బెన్సన్ సాయంత్రం పేట. బార్లు, పాటల హాళ్లు, నెల మొదటి శుక్రవారం పెయింటింగుల ప్రదర్శనలు. మీదేమో ఇడ్లీ. ఒక మంగళవారం పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, మళ్లీ శుక్రవారం రాత్రి తొమ్మిదికి ఆ షాపు ముందు గంటసేపు నిలబడి, ఎంతమంది నడిచి వెళ్లారో కాగితం మీద గీతలు పెట్టండి. కార్లు లెక్కలోకి రావు. ట్రామ్ రోజుల్లో వ్యాపారులు చేసిన లెక్క అదే. గీతలు రాత్రే ఎక్కువుంటే మీది టిఫిన్ సెంటర్ కాదు, రాత్రి రెండింటిదాకా దోసెలు వేసే కొట్టు. మీ ముగ్గురిలో ఆ గంటదాకా పెనం దగ్గర నిలబడేదెవరో ముందు తేల్చుకోండి.

*

ఆంటీ, క్రెయిటన్‌లో చదువుతున్నాను. ఉత్తరాన 24, లేక్ కూడలి వైపు వెళ్లొద్దని మనవాళ్లంతా చెబుతారు. మా ప్రొఫెసరేమో అక్కడి జాజ్ గురించి గంటసేపు చెప్పారు. వెళ్లనా వద్దా?

వెళ్లు. ఏ ఊళ్లోనైనా ఉండాల్సినంత జాగ్రత్తతో, పగటిపూట, ఇంకో ఇద్దరితో. ఆ 24వ వీధి మీ కాలేజీ పక్కనుంచే పోతుంది. మైలు పైచిలుకు ఉత్తరానికి పోతే లేక్ వీధి వస్తుంది.

వెళ్లొద్దని చెప్పినవాళ్లలో అక్కడ ఒక్కసారైనా కారు దిగినవాళ్లెందరో అడుగు. వాళ్లను నేను తప్పుపట్టలేను. పదకొండేళ్లు నేనూ అలాగే ఉన్నాను. ఓ ఏప్రిల్‌లో పన్ను కాగితాల మీద సంతకం కోసం అక్కడి ఒక మంగలి షాపుకు తప్పనిసరై వెళ్లాను. పెద్దాయన సంతకం చేసి, గుమ్మంలోకి తీసుకొచ్చి, ఎదురుగా ఉన్న ఖాళీ స్థలాలు వేలితో చూపిస్తూ మొదలుపెట్టాడు. అదుగో మందుల షాపు, దాని పక్కన దర్జీ, ఆ గడ్డి ఉన్నచోట సినిమా హాలు, అక్కడ చేపల కొట్టు... నేను చేతిలో ఉన్న పద్దుల పుస్తకం ఆఖరి పేజీలో రాసుకుంటూ పోయాను. పదిహేడు వచ్చాయి. పళ్లూడిన నోరులా ఉంది ఆ వీధి. ఏ పన్ను ఎక్కడుండేదో ఆయనకు గుర్తుంది.

ఆ కూడలి చూసినన్ని దెబ్బలు ఈ ఊళ్లో మరే బజారూ చూడలేదు. 1913 మార్చి 23, ఈస్టర్ ఆదివారం, సుడిగాలి దాని మీదుగానే పోయింది. మళ్లీ కట్టుకున్నారు. 1923లో జ్యూయెల్ బిల్డింగ్ లేచింది. కింద వ్యాపారం, పైన డ్రీమ్‌లాండ్ బాల్‌రూమ్. డ్యూక్ ఎల్లింగ్టన్, కౌంట్ బేసీ, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అక్కడ వాయించారు. మీ ప్రొఫెసర్ చెప్పింది దాని గురించే అయ్యుంటుంది. ఆ బిల్డింగ్ ఇంకా ఉంది, ముందు దాన్ని చూడు. 1938లో మిల్‌డ్రెడ్ బ్రౌన్ అనే ఆవిడ ఒమాహా స్టార్ అనే నల్లవాళ్ల పత్రిక మొదలుపెట్టి 1989లో చనిపోయేదాకా నడిపారు. ఆ ఆఫీసు కూడా 24వ వీధి మీదే. నల్లవాళ్ల హక్కుల నాయకుడు మాల్కమ్ ఎక్స్ 1925లో పుట్టిన చోటు అక్కణ్ణుంచి ఇంకాస్త ఉత్తరాన.

మరి అంతటి వీధి ఎందుకలా అయింది? 1930లలో ఇళ్ల అప్పుల కోసం ప్రభుత్వ సంస్థ వేసిన మ్యాపులో ఆ ప్రాంతానికి ఎర్ర రంగు పూశారు. ఎర్ర రంగంటే అప్పు ఇవ్వడం ప్రమాదమని. నల్లవాళ్లకు ఊళ్లో వేరే చోట ఇల్లు అమ్మేవాళ్లు కాదు, ఉన్నచోట బాగు చేసుకోవడానికి అప్పు పుట్టేది కాదు. మాంసం ప్యాకింగ్ ఫ్యాక్టరీలు మూతపడుతుంటే జీతాలు పోయాయి. 1966, 1968ల్లో అల్లర్లు. 1969లో పోలీసు కాల్పుల్లో 14 ఏళ్ల అమ్మాయి చనిపోయాక మళ్లీ అల్లర్లు, మంటలు. మనవాళ్లు కథ ఇక్కడ ఆపేస్తారు. తర్వాత వచ్చిన నార్త్ ఫ్రీవే గురించి చెప్పరు. ఇళ్లు పడగొట్టి పేట మధ్యలోంచి వెడల్పాటి రోడ్డు వేస్తే అటువైపువాళ్లు ఇటు నడిచి వచ్చేదెలా? చిన్న షాపుకు ఫ్రీవే మీద పోయే వెయ్యి కార్లకన్నా నడిచొచ్చే పదిమంది ముఖ్యం. పద్దులు రాసినదాన్ని, నాకు తెలుసు.

వెళ్లినప్పుడు ఫోటోలు తీసుకుని వచ్చేయకు. అక్కడ ఏదో ఒకటి కొను.

*

ఒమాహాలో చారిత్రక బజారునొకదాన్ని మొత్తంగా కూల్చేశారని చదివాను. నిజమా? – ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థి

నిజం. దాని పేరు జాబర్స్ కాన్యన్. జాబర్లంటే టోకు వర్తకులు. ఓల్డ్ మార్కెట్‌కు పక్కనే, నది వైపు, ఇటుక గోదాములు రెండువైపులా నిలబడి మధ్య వీధి లోయలా ఉండేది. రైలు దిగిన సరుకు దేశం పడమటి భాగానికి పంచిన చోటది. నేషనల్ రిజిస్టర్‌లోకి ఎక్కిన కొద్దికాలానికే, 1980ల చివర్లో, 24 బిల్డింగులు పడగొట్టారు. కాన్‌ఆగ్రా కంపెనీ హెడ్డాఫీసు కోసం. అక్కడ కట్టుకోనివ్వకపోతే ఊరు వదిలిపోతామన్నారు, నగరం ఒప్పుకుంది. రిజిస్టర్‌లోని ఒక పేటంతా అలా పోవడంలో దేశంలో అదే పెద్దదంటారు. 2016లో కంపెనీ హెడ్డాఫీసు షికాగోకు వెళ్లిపోయింది.

పైన బెన్సన్ వాళ్లకిచ్చిన జవాబులో రిజిస్టర్ ఎవరినీ ఆపదన్నానే, దానికి ఇంతకన్నా ఉదాహరణ ఉండదు. మీరు చూడాలంటే పక్కనే మిగిలిన ఓల్డ్ మార్కెట్ చూసి, అలాంటివే ఇంకో 24 ఊహించుకోండి.

*

ఫార్నమ్ వీధి మీద ట్రామ్ మళ్లీ వస్తోందట కదండీ. బ్లాక్‌స్టోన్ దగ్గర కాండో కొంటే లాభమా?

వస్తోంది. డౌన్‌టౌన్ నుంచి బ్లాక్‌స్టోన్ దాకా ఫార్నమ్, హార్నీ వీధుల మీదుగా. ఆ చుట్టుపక్కల పెరగబోయే ఆస్తి పన్నులోంచే దాని అప్పు తీరుస్తామని నగరం లెక్క. అంటే ధరలు పెరుగుతాయని నగరమే పందెం కట్టింది. అమ్మేవాళ్లకు ఆ సంగతి మీకన్నా ముందే తెలుసు, ఆ పెరుగుదల ఇప్పటికే ధరలో కలిపేసి ఉంటారు. ఉండటానికైతే కొనుక్కోండి. పందేనికైతే నన్ను అడక్కండి.

ఆ పేటకు పేరిచ్చిన బ్లాక్‌స్టోన్ హోటల్ 1916 నాటిది, 2020లో వేరే పేరుతో మళ్లీ తెరిచారు. రూబెన్ శాండ్‌విచ్ పుట్టింది అక్కడేనని ఒమాహా వాళ్ల గట్టి నమ్మకం. న్యూయార్క్ వాళ్లు ఒప్పుకోరు. నేను శాకాహారిని, మధ్యలో దూరను.

*

సౌత్ 24వ వీధిలో చూడాల్సిందేమైనా ఉందా? మేం కూడా శాకాహారులమే.

చూడటం కన్నా తినడం ఎక్కువ. అదే ఒకప్పటి సౌత్ ఒమాహా. 1880ల్లో పశువుల సంత పెట్టాక ఆ ఊరు ఎంత వేగంగా పెరిగిందంటే దాన్ని మ్యాజిక్ సిటీ అన్నారు. 1955లో ఆ సంత షికాగోను దాటి దేశంలోనే పెద్దదైంది, 1999లో మూతపడింది. చెక్, పోలండ్ దేశాలవాళ్లు నడిపిన షాపుల్లో ఇప్పుడు ఎక్కువ మెక్సికన్ కుటుంబాలవి. ఆదివారం పొద్దున వెళ్లండి. బేకరీలో గుమ్మం దగ్గరే పళ్లెం, పటకారు ఉంటాయి. మీ అంతట మీరే తిరిగి ఏరుకుని కౌంటర్ దగ్గర పెట్టాలి. పైన చక్కెర గవ్వ గీతలున్న గుండ్రటి బన్ను కోంచా. కొనేముందు మాత్రం ‘మాంతెకా?’ అని అడగండి. పంది కొవ్వు. అవునంటే ఆ పళ్లెంలోంచి దాన్ని వెనక్కి పెట్టకుండా, పక్కవాళ్లకిచ్చేయండి.